హాజీ ఇచ్చిన తుపాకులు

మిక్సీ ఆపిన వెంటనే వినిపించింది ఆ చప్పుడు. ఇనుము మీద ఇనుము పడ్డట్టు, టక్‌మని. మా ఇంట్లో అలా మోగే వస్తువులు రెండే ఉన్నాయి. అవి మూడు రోజుల కిందటే వచ్చాయి. పిండి చేతులతోనే హాల్లోకి పరిగెత్తాను.

మా అబ్బాయి సోఫా వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పొడుగు తుపాకీ గొట్టాన్ని సోఫా వీపు మీద ఆనించి, ఒక కన్ను మూసి గురి చూస్తున్నాడు. ఎదురుగా టీవీ పక్కన నాలుగేళ్ళ చెల్లెలు రెండు చేతులూ పైకెత్తి, నవ్వు ఆపుకోలేక మెలికలు తిరుగుతోంది.

"కదలకే! కదిలితే అవుట్," అంటున్నాడు వాడు.

అది పేలదని నాకు తెలుసు. గొట్టంలో ఏనాడో సీసం పోసి మూసేశారని, వాటిని ఇచ్చిన పక్కింటి పెద్దాయన ఆ రోజే చెప్పారు. మా ఆయన టార్చి వేసి చూసి నిజమేనన్నారు. కానీ ఆ క్షణంలో నాకు తెలిసిన సంగతులేవీ నాకు అక్కరకు రాలేదు. గొట్టం చివర నా కూతురి పొట్ట కనబడుతోంది. గౌను మీద కుందేలు బొమ్మ కనబడుతోంది. అంతే.

వాడి వీపు మీద రెండు దెబ్బలు వేశాను. తెల్లచొక్కా మీద పిండి వేళ్ళు అచ్చుపడ్డాయి. పాప ఏడుపు మొదలుపెట్టింది. వాడు మాత్రం ఏడవలేదు. "బాబా నాన్నకిచ్చాడు కదమ్మా, నేను ముట్టుకుంటే ఏం?" అన్నాడు.

ఆ రోజు నేను చేసిన పనికి ఈ భయమే కారణమని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. పిల్లాడు బడికి వెళ్ళాక ఇది రాస్తున్నాను. ఇక్కడ కూడా అదే మాట రాస్తే ఇక రాయడం దేనికి?

మేముండేది గల్ఫ్‌లో, విమానాశ్రయం పక్కనున్న అరాద్‌లో, రెండంతస్తుల ఇంటి కింది వాటాలో. విమానాలు డాబా మీద ఆరేసిన బట్టలకు తగులుతాయా అన్నంత కిందుగా దిగుతుంటాయి. మా ఆయన ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. నేను డిగ్రీ చదివి, ఇక్కడ వంటా పిల్లలూ చూసుకుంటూ ఉన్నాను. ప్రహరీ గోడకు అవతల ఉండే పెద్దాయనను మా ఆయన హాజీ అని పిలుస్తారు. పిల్లలకు ఆయన బాబా. భార్య పోయారు, కొడుకులు వేరే ఊళ్ళలో, కూతురు ఇంకో పేటలో ఉంటారు. ఇంట్లో వంటకూ పనికీ మా గోదావరి వైపు నుంచే వచ్చిన ఒకామె ఉంది. నేను ఆమెను అక్కా అంటాను.

మా పిల్లలకు ఈ దేశంలో తాత వయసు మనిషి ఆయనొక్కరే. సాయంత్రం నాలుగవగానే మా వాడు గోడ పక్క గేటు తోసుకుని వెళ్ళిపోయేవాడు. హాజీ వాకిట్లో కూర్చుని చేపలు పట్టే తీగబుట్టలు అల్లేవారు. ఇప్పుడు ఆయన సముద్రానికి వెళ్ళరు. అయినా చేతులు ఊరుకోవు. వాడు తీగ అందించేవాడు. పాప ఆయన ఒళ్ళో కూర్చుని ఖర్జూరాలు తిని, గింజలు ఆయన జేబులోనే వేసేది. నాకు హిందీ సరిగా రాదు, అరబ్బీ అసలే రాదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మా వాడికి బడిలో నేర్చుకున్నదీ వీధిలో నేర్చుకున్నదీ కలిపి మూడూ వచ్చు. అందుకని మా ఇద్దరి మధ్య మాట మోసేది వాడే.

తుపాకులు మా ఇంటికి రావడానికి కారణం మా దసరా.

ఆ రోజు మా ఆయన తన గ్యాస్ గేజీలు, స్పానర్లు, పైపులు కోసే కట్టరు అన్నీ తుడిచి అమ్మవారి పటం ముందు పేర్చారు. పక్కన నా కత్తిపీట, కుట్టుమిషను, మా వాడి సైకిలు. అన్నింటికీ పసుపూ కుంకుమా పెట్టాం. సరిగ్గా అప్పుడే హాజీ ముహర్రక్ హల్వా డబ్బా పట్టుకుని వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటి, పానాకి కూడా బొట్టా?" అని హిందీలో అడిగారు.

"మాకు అన్నం పెట్టేవి ఇవే కదా హాజీ. ఏడాదికోసారి వీటికి సెలవు. ఇవాళ ఎవరి ఏసీ పాడైనా నేను వెళ్ళను," అన్నారు మా ఆయన.

"నాది పాడైతే?"

"మీదైతే అమ్మవారికి చెప్పి, దొడ్డిదారిన వస్తాను."

హాజీ నెత్తి మీది గుడ్డ జారేలా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, అమ్మవారి పటం కేసి చూస్తూ, ఆ చేతుల్లో ఉన్నవేమిటని అడిగారు. మా వాడు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించి చెప్పాడు. కత్తి, బాణం, శూలం, చక్రం. పూర్వం రాజులు తమ ఆయుధాలకు ఇలాగే పూజ చేసేవారని, మాకు స్పానర్లు ఉన్నాయి కాబట్టి స్పానర్లకు చేస్తున్నామని మా ఆయన చెప్పారు. హాజీ కిందకు వంగి స్పానరు మీది కుంకుమను చాలాసేపు చూశారు. "ఇనుముకి ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు," అన్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక శుక్రవారం అక్క ముందుగా పరిగెత్తుకొచ్చింది.

"అమ్మాయ్, తలుపు బార్లా తియ్. మా బాబా వస్తున్నాడు. చేతిలో ఏముందో చూస్తే నీ గుండె ఆగిపోద్ది."

ఆయన ఎర్రగళ్ళ గుడ్డలో చుట్టి తెచ్చినవి రెండు తుపాకులు. ఒకటి మా వాడికంటే పొడుగు. చెక్క నల్లబడింది, గొట్టం మీద వెండి పట్టీలున్నాయి. ఇంకొకటి నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుంది. వాళ్ళ నాన్న పడవ మీద దూరం వెళ్ళేటప్పుడు వెంట ఉంచుకున్నవట. పెద్దకొడుకు వాటిని అద్లియాలో తన స్నేహితుడి కాఫీ హోటల్లో గోడకు తగిలిస్తానని అడుగుతున్నాడట.

"షీషా హుక్కాలు తాగేవాళ్ళు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట. మా నాన్న తుపాకీ పక్కన! మీ ఇంట్లో ఉంటే ఏడాదికి ఒక్కరోజైనా వీటికి దండం పెడతారు. తీసుకోండి," అన్నారు.

మా ఆయన రెండు చేతులతో అందుకుని కళ్ళకు అద్దుకున్నారు. హాజీ ముఖం తిప్పుకున్నారు. నేను నాకొచ్చిన ఒకే ఒక్క అరబ్బీ మాటను, షుక్రన్ అని, నాలుగుసార్లు అన్నాను. మర్నాడు బొబ్బట్లు చేసి స్టీలు డబ్బా నిండా పెట్టి అక్క చేత పంపాను. ఆ కృతజ్ఞత నటన కాదు. ఎవరో పరాయి మనిషి తన తండ్రి వస్తువును మా చేతుల్లో భద్రంగా ఉంటుందని నమ్మాడు. ఈ దేశంలో మమ్మల్ని అంత పెద్దగా నమ్మినవాళ్ళు ఎవరూ లేరు.

డబ్బా తీసుకెళుతూ అక్క వంటగదిలో ఆగింది.

"తీసుకున్నారు సరే. దాచేదెక్కడ?"

"బీరువా వెనక పెట్టారక్కా."

"ఎవడైనా చూసి చెప్పాడనుకో, ఖలాస్. వీసా ఇచ్చిన కఫీలు కూడా మీ ముఖం చూడడు. నలుగురికీ ఫ్లైటే."

"ఆయన దగ్గర కాగితం ఉంటుందేమో కదా?"

"ఆయన పేరు మీద ఉంటాది. నీ పేరు మీద ఉంటాదా? నీ సీపీఆర్ గుర్తింపు కార్డు మీద రాస్తారా, ఈవిడగారికి రెండు తుపాకులున్నాయని?" అని తన జోకుకు తానే నవ్వి వెళ్ళిపోయింది.

నేను నవ్వలేకపోయాను. పేలని పాత తుపాకీ మాలాంటి వాళ్ళ ఇంట్లో ఉండొచ్చో కూడదో మాకు తెలియదు. తెలుసుకుందామంటే ఎవరిని అడగాలి? అడగడమే ఒప్పుకోవడం అవుతుందేమో. కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా, కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు కుర్రాడు నీళ్ళ సీసాలు తెచ్చినా, నా చూపు బీరువా వైపే పోయేది. మా ఆయనతో అంటే "హాజీ ఉన్నాడుగా, చూసుకుంటాడు" అనేవారు. కానీ ఆయనా రెండుసార్లు లేచి బీరువా వెనక తడిమి చూడటం నేను గమనించాను.

మూడో రోజు మధ్యాహ్నం, మిక్సీ ఆపాక, ఆ చప్పుడు.

సాయంత్రం దాకా ఆగలేకపోయాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా కూడా ఆగలేదు. తుపాకులను అదే ఎర్రగళ్ళ గుడ్డలో చుట్టి, చంకన పాపను, చేత్తో వాడిని పట్టుకుని గేటు దాటాను. అక్క ఇంట్లో లేదు. హాజీ తన కూతురింట్లో పనుందని పంపారట. నా తరఫున మాట్లాడటానికి మా వాడు తప్ప ఎవరూ లేరు.

హాజీ తీగబుట్ట పక్కన పెట్టి లేచారు. నా చేతిలో మూట చూశారు. కూర్చోమని కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. "హాజీ, నా కొడుకు దీన్ని చెల్లెలి మీద ఎక్కుపెట్టాడు, నాకు భయమేసింది." అంతే. ఇది చెబితే ఆయన బాధపడేవారు కాదు. నాకంటే ముందు పాపను దగ్గరికి తీసుకునేవారు. కానీ అది చెబితే, పక్కగదిలో పిల్లలేం చేస్తున్నారో కూడా చూసుకోని తల్లినని ఆయనకు తెలుస్తుంది. పోలీసులంటే భయమని చెబితే, నువ్వు మా కొంప ముంచే వస్తువు ఇచ్చావని ఆయన ముఖం మీదే అన్నట్టవుతుంది. ఈ రెంటికంటే దేవుడి మీదకు తోసెయ్యడం సులువనిపించింది.

"మా మతంలో ఇంట్లో ఆయుధాలు ఉంచుకోకూడదంట, పాపమంట. బాబాకి చెప్పు," అన్నాను మా వాడితో.

వాడు నా ముఖం కేసి చూశాడు. "అదేంటమ్మా? దసరాకి బాబాకి నేనే చెప్పాను కదా, అమ్మవారి చేతిలో..."

వాడి భుజం దగ్గర గట్టిగా గిల్లాను. "చెప్పు ముందు."

వాడు తల దించుకున్నాడు. తీగ ముక్కలున్న నేల కేసి చూస్తూ హిందీలో చెప్పాడు. మామూలుగా వాడు హాజీతో గలగలా మాట్లాడతాడు. ఆ రోజు బడిలో ఒప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటే.

హాజీకి తెలుగు రాదు. కానీ వాడు మొదట నాతో ఏదో అనబోవడం, నేను గిల్లడం, వాడు తల దించడం ఆయన చూశారు. అది అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ఆయన వాడి వైపు చూశారు, తర్వాత నా వైపు. ఎదురు ప్రశ్న ఒక్కటి కూడా వెయ్యలేదు. కుడిచేయి గుండె మీద పెట్టుకున్నారు.

"గల్తీ నాదే, బింతీ. ఇచ్చే ముందు మీ మతం అడగాల్సింది. మాఫ్ కరో," అన్నారు. బింతీ అంటే నా కూతురా అని.

నా చేతుల్లోంచి మూటను ఆయనే అందుకున్నారు. మా వాడి తల నిమిరి, "మంచిగా చెప్పావు," అన్నారు. నేను షుక్రన్ అన్నాను. ఆ మాట దేనికి అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. తుపాకీ ఎక్కుపెట్టిన సంగతి విని ఆయన ముఖం పాలిపోయింది. తిరిగిచ్చేశానంటే ఊపిరి పీల్చుకున్నారు. ఏం చెప్పి ఇచ్చానో వినగానే ముద్ద కంచంలో వదిలేశారు.

"మతమా? ఒసే, ఆయన మన దసరా కళ్ళారా చూశాడే. నేనేమో రాజులూ ఆయుధాలూ అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన్ని పిచ్చోడనుకున్నావా?"

"మరి మీరుంటే ఏం చెప్పేవాళ్ళు?"

ఆయన కంచం తీసుకుని లేచారు. ఆ రాత్రి మాత్రం మూడు రోజుల తర్వాత హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయారు.

మర్నాడు అక్క నా స్టీలు డబ్బా తెచ్చిచ్చింది. ఖాళీగా లేదు. నిండా ఖర్జూరాలు, పైన పిల్లల కోసం రెండు చాక్లెట్లు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మా పిల్లల్ని రావద్దన్నా బాగుండేది. తప్పు నాది, మర్యాద ఆయనది. ఆ ఖర్జూరాలు పిల్లలకే పెట్టేశాను.

ఆ రోజు నాలుగయింది. మా వాడు గేటు వైపు వెళ్ళలేదు. హోంవర్కుందన్నాడు. తర్వాతి రోజూ అంతే. పాప ఒక్కతే వెళ్ళి పది నిమిషాలు కూర్చుని వచ్చేసేది. వాడిని రమ్మని చెయ్యి పట్టి లాగితే విదిలించుకునేవాడు. హాజీ వీధిలో ఎదురైతే కోల్డ్ స్టోర్‌లోకి దూరిపోయేవాడు. అటో ఇటో తేలిపోతుందిలే, పిల్లాడు మరిచిపోతాడులే అనుకున్నాను. రెండు వారాలు గడిచినా వాడు మరిచిపోలేదు.

ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే గోడ మీంచి అక్క పిలిచింది.

"ఏమ్మా, నీ కొడుక్కి అంత పెద్ద పరీక్షలా? మా బాబా రోజూ రెండో కుర్చీ వేయించి గేటు వైపు చూస్తన్నాడు."

నేను ఇంకో చొక్కాకు క్లిప్పు పెట్టాను.

"నువ్వు చెప్పింది అబద్ధమని ఆయనకి తెలీదనుకున్నావా? మీ దసరా కత నాకు మూడుసార్లు చెప్పాడు. ఎందుకు ఊరుకున్నావు బాబా, అడగొచ్చు కదా అన్నాను."

"ఏమన్నారు?"

"పిల్లాడి ముందు తల్లిని అబద్ధాలకోరుని చెయ్యకూడదు అన్నాడు. మనమైతే ఊరుకుంటామా? దులిపేద్దుం."

ఆయన నన్ను కాపాడారు. నేను నా కొడుకును కాపాడలేదు. పైగా వాడి నోటినే వాడుకున్నాను. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. వెళ్ళి క్షమాపణ అడగాలని ప్రతిరోజూ అనుకున్నాను. చీర మార్చుకుని గేటు దాకా వెళ్ళి, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియక, చెత్త పడేయడానికి వచ్చినట్టు నటించి తిరిగొచ్చిన రోజులున్నాయి. వాడిని పిలుచుకెళితే మాట సాయం చేస్తాడు. కానీ వాడిని ఏ ముఖంతో పిలవను?

మొన్న మా ఆయన అద్లియాలో ఏసీ పనికి వెళ్ళొచ్చారు. అన్నాల దగ్గర కూర్చున్నాక కాసేపటికి అన్నారు, "చూశాను వాటిని. కాఫీ హోటల్లో, కౌంటరు పైన. రెంటినీ అడ్డంగా కట్టి, చుట్టూ రంగు బల్బుల దండ చుట్టారు. ఎవరో అమ్మాయిలు కింద నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. పొడుగుదాని గొట్టంలో ప్లాస్టిక్ పువ్వు పెట్టారు."

"హాజీ కొడుకు తీసుకెళ్ళుంటాడు," అన్నాను.

"ఇంకెవరు? మనం వెనక్కిచ్చాక ముసలాయన ఏ ముఖంతో కాదంటాడు?"

మా వాడు తినడం ఆపేశాడు. "నా వల్లే," అన్నాడు.

"నీ వల్లేంట్రా?" అన్నారు మా ఆయన.

"బాబాకి చెప్పింది నేనే కదా. నేనే అబద్ధం చెప్పాను. అందుకే వాటిని అక్కడ పెట్టేశారు."

పెరుగన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏడేళ్ళ పిల్లాడు నా అబద్ధాన్ని తనదిగా మోస్తున్నాడు. బాబా తనను దొంగమాటల వాడనుకుంటున్నాడని, అందుకే ఆ గేటు దాటలేనని వాడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. నేను దాన్ని హోంవర్కు అనుకున్నట్టు నటించాను. నిజంగా తెలియకపోతే సరే. నాకు మొదటిరోజే తెలుసు.

ఇవాళ ఉదయం స్కూలు బస్సు రావడానికి ఇంకా టైముంది. ఇద్దరినీ వంటింటి గట్టు మీద కూర్చోబెట్టాను. వాడికి షూ లేసులు కడుతూ చెప్పడం మొదలుపెట్టాను. కిందకు చూస్తూ చెబితే తేలిక. కానీ ఒక లేసు అయ్యాక ఆపేసి వాడి కళ్ళలోకి చూశాను.

"నాన్నా, బాబాకి అబద్ధం చెప్పింది నువ్వు కాదు. నేను. నువ్వు చెప్పనన్నావు. నేను గిల్లి చెప్పించాను. అది నా తప్పు."

"మరి ఎందుకు చెప్పించావు?"

"నాకు భయమేసింది. నువ్వు చెల్లి మీద ఎక్కుపెట్టావు కదా, అప్పుడు. పోలీసులన్నా భయమేసింది. భయమేసిందని చెప్పడానికి సిగ్గేసింది."

పాప, "అమ్మా, నువ్వు కూడా సారీ చెప్పాలి," అంది. ఎంతో సంతోషంగా అంది.

"చెప్తాను. సాయంత్రం నాలుగింటికి."

"బాబా తుపాకులు మళ్ళీ ఇచ్చేస్తాడా?" అన్నాడు వాడు.

"ఇవ్వరు. ఇచ్చినా తీసుకోను. పిల్లలున్న ఇంట్లో అవి నాకు వద్దు. ఆ మాట కూడా ఆయనతోనే చెప్తాను."

"నీకు హిందీ రాదుగా. నేను చెప్పనా?"

"వద్దు," అన్నాను. "నాకొచ్చినంతలోనే చెప్తాను. ఆయన నవ్వితే నవ్వనీ. నువ్వు రావాలనుంటే రా, నా పక్కన నిలబడు. కానీ మధ్యలో ఒక్క మాట కూడా అందించకు. ఈసారి నీ నోటితో నాకు పని లేదు."